పావు మాత్ర

మా ఊరికి నది లేదు.
స్పెన్సర్ సింధుశాఖ ఉప్పు, ఎర్ర దుమ్ము, ఉక్కు కొలిమి, అంతే.
తాగే నీళ్ళు ఎక్కడో ముర్రే నది దగ్గర గొట్టంలో దూరి
వందల కిలోమీటర్లు ఎండకి కాగుతూ
మా వంటింటి కుళాయి దాకా నడిచొస్తాయి.
అంత దూరం ఉత్త క్లోరిన్ తోడు రాదు,
సగం దారిలో చెయ్యి వదిలేస్తుంది.
అందుకని దాని కొంగుకి అమ్మోనియాని ముడేసి పంపాలి.
ఆ ముడి వేసిన చెయ్యి ఇదే.
ఇరవై తొమ్మిదేళ్ళు, మూడు షిఫ్టుల్లో,
రిజిస్టరులో ఐరిస్ నోస్కె అని సంతకం పెట్టి.

నీళ్ళు వాసనొస్తున్నాయని ఫోన్లు చేసేవాళ్ళు.
రానీ, అనుకునేదాన్ని.
వేడెక్కిన గొట్టాల్లో అమీబా పెరిగిన వేసవిలో
మా బళ్ళో, నా ముందు వరసలో,
ఒక బల్ల ఖాళీ అయింది.
ఆ బల్ల మీద పెన్సిల్ గీతలు నాకింకా కనిపిస్తాయి.

నేను నీళ్ళలో మందు కలిపేదాన్ని.
మా డారెల్ ఆ నీళ్ళతోనే మందు కాసేవాడు.

శుక్రవారం రాత్రి పాతిక లీటర్లు పట్టి
గిన్నె మీద పల్చటి గుడ్డ కప్పి
షెడ్డులో వదిలేసేవాడు.
"తెల్లారేసరికి క్లోరిన్ ఎగిరిపోతుంది, మా నాన్న చెప్పాడు."
వాళ్ళ నాన్న కాలంలో ఎగిరిపోయేది, నిజమే.
నేను ముడేసింది ఎగరదు.
రాత్రంతా ఆకాశం చూపించినా,
పొయ్యి మీద కుతకుతలాడించినా
మొండికేసి కూర్చుంటుంది.
చివరికి బార్లీ రసంలో పడి
దెబ్బకి అంటించే ప్లాస్టర్ వాసనవుతుంది,
ఆసుపత్రి వరండా వాసన.

మొదటి సీసాకే నాకు తెలిసిపోయింది.
వాసన పట్టినందుకే కదా నాకు జీతం.
తనకి తెలీదు. కోక్ బట్టీల పొగ
తన ముక్కుని ఎప్పుడో మూసేసింది.
మాడిన రొట్టె, గ్యాసు లీకు, నా జుట్టు,
అన్నీ తనకి ఒకటే.

"ఎలా ఉంది, ఐరీ?"
నీళ్ళు నమిలాను.
"బావుంది" అన్నాను.
ఇంకేమనాలి?
నీ చేతిలో లోపం లేదు, నా చేతిలో ఉందనా?

పక్కింటి లెఫ్టెరిస్ తన గ్లాసుని
మా జెరేనియం కుండీల్లో వంచడం
కిటికీలోంచి చూశాను.
డారెల్ కూడా చూశాడని తర్వాతెప్పుడో తెలిసింది.
తప్పు ఈస్టుదన్నాడు, మార్చాడు.
మాల్ట్‌దన్నాడు. గిన్నెదన్నాడు, కొత్త గిన్నె కొన్నాడు.
నీళ్ళదని మాత్రం
ఒక్కసారీ అనలేదు.

రిటైరైన వారానికి
కామ్డెన్ మాత్రల డబ్బా ఒకటి కొన్నాను.
శనివారం తెల్లవారుజామున నాలుగింటికి
షిఫ్టుకి లేచిన అలవాటున లేస్తాను.
ఉత్త కాళ్ళతో షెడ్డుకెళ్ళి, గుడ్డ తీసి,
మాత్రని నాలుగు ముక్కలు చేసి
ఒక పావుని చెంచా వెనకతో నూరి, జల్లి, కలుపుతాను.
రెండు నిమిషాలు.
నా ముడి నా ఎదుటే విడిపోతుంది,
చప్పుడైనా చెయ్యకుండా.
ఒక చిటికెడు జిప్సం కూడా వేస్తాను,
చేదు కాస్త నిటారుగా నిలబడుతుందని.
గుడ్డ మళ్ళీ కప్పేస్తాను, చిరుగు గోడవైపుకే.

పోయిన నెల లెఫ్టెరిస్ రెండో గ్లాసు అడిగాడు.
మూడోది అడక్కుండానే పోసుకున్నాడు.
డారెల్ తన గ్లాసు ముట్టలేదు,
అతని మొహాన్నే సినిమాలా చూస్తూ కూర్చున్నాడు.
ఆ రాత్రి పళ్ళు తోముకుంటూ అన్నాడు:
"టాస్మేనియా హాప్స్, ఐరీ.
ఇన్నాళ్ళూ తప్పు హాప్స్‌లో ఉందన్నమాట."
"అయ్యుంటుంది" అన్నాను.

ఈమధ్య జెరేనియంలు వాడుతున్నాయి.
వాటికి నేనే పోస్తున్నాను,
కుళాయి నీళ్ళు,
మందుతో సహా.